ఎలక్ట్రిక్ కారులో టైరు గాలి హెచ్చరిక: సెన్సర్లు మార్చే ముందు చూడవలసినవి

ఇదే ఇబ్బంది ఉన్న మరొకరికి కూడా ఉపయోగపడాలి కాబట్టి, మీరు ఇచ్చిన వివరాలను ముందుగా క్లుప్తంగా చెప్పి జవాబులోకి వెళతాను. మీది మూడేళ్లు నడిచిన ఎలక్ట్రిక్ కారు. నాలుగు చక్రాల గాలిని విడివిడిగా అంకెల్లో చూపిస్తుంది. నెల క్రితం హైదరాబాదులో ఒక టైర్ల షాపులో మధ్యాహ్నం పూట ముందు చక్రాలను వెనక్కి, వెనుక చక్రాలను ముందుకి మార్పించి, నాలుగింటిలోనూ 35 పీఎస్‌ఐ (గాలి పీడనపు కొలత) గాలి పెట్టించారు. చలి మొదలైనప్పటి నుంచి ఉదయం బండి తీసిన వెంటనే పసుపు దీపం వెలుగుతోంది, తెర మీద ముందు ఎడమ చక్రానికి 27, మిగతా మూడింటికి 30 కనిపిస్తోంది, పది పన్నెండు కిలోమీటర్లు నడిచాక దీపం దానంతట అదే ఆరిపోతోంది. ముందు ఎడమ టైరులో గాలి నింపించినా మర్నాడు మళ్లీ అదే 27; వెనుక ఎడమ అంకె మాత్రం 34 అయింది. పంక్చర్ షాపులో ముందు ఎడమ చక్రాన్ని నీళ్ల తొట్టిలో ముంచితే ఒక్క బుడగ కూడా రాలేదు. దీనికి తోడు, డాష్‌క్యామ్ (దారిని రికార్డు చేసే కెమెరా) పెట్టించిన తరువాత అప్పుడప్పుడు వెనుక చక్రాల అంకెల స్థానంలో గీతలు వస్తున్నాయి, రిమోట్ తాళం కూడా కారుకు బాగా దగ్గరికి వస్తే తప్ప పనిచేయడం లేదు. సర్వీసు సెంటరు వారు చక్రాల లోపల గాలిని కొలిచే నాలుగు సెన్సర్లూ పాడయ్యాయని, అన్నీ మార్చాలని చెప్పారు.

ఈ వివరాలను బట్టి చూస్తే, మీరు ఇప్పట్లో ఒక్క సెన్సరు కూడా కొనవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. ఇక్కడ ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు విషయాలు ఒకే సమయంలో జరిగి, ఒకే రోగంలా కనిపిస్తున్నాయి: చలి వల్ల, ఒక టైరులో నెమ్మదైన లీకు వల్ల తగ్గిన గాలి, చక్రాలు మారినా కారుకు ఆ సంగతి తెలియకపోవడం, సెన్సర్ల రేడియో సంకేతాలకు అడ్డుపడే డాష్‌క్యామ్ గోల. వీటిలో మొదటిది అసలు తప్పుడు హెచ్చరికే కాదు.

దీపం ఎలా వెలుగుతోందో ముందు గమనించండి. అడుగు చదునుగా ఉన్న గుర్రపు నాడా బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం ఉన్న ఆ గుర్తు వెలిగి అలాగే నిలకడగా ఉంటే, గాలి తక్కువగా ఉందని కారు అంటోంది. బండి ఆన్ చేసిన తరువాత ఒక నిమిషం, ఒకటిన్నర నిమిషం పాటు మిణుకుమిణుకుమని, ఆ పైన నిలకడగా వెలిగితే, గాలి సంగతి తనకు తెలియడం లేదని, వ్యవస్థలోనే లోపం ఉందని అంటోంది. అమెరికా నిబంధనల్లో ఉన్న ఈ పద్ధతినే చాలా కంపెనీలు మిగతా దేశాల్లోనూ పాటిస్తున్నాయి. అయినా మీ కారు యజమాని పుస్తకంలో ఒకసారి సరిచూసుకోండి. ఉదయం మీకు వస్తున్నది నిలకడ దీపం, పైగా అంకెలు కూడా కనిపిస్తున్నాయి. సెన్సరు చచ్చిపోతే అంకె రాదు, గీత వస్తుంది. 27 అని చెబుతున్న సెన్సరు బతికే ఉంది.

ఇక ఆ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో లెక్క వేసి చూద్దాం. మధ్యాహ్నం ఎండలో షాపు దాకా నడిపి తెచ్చిన బండి టైరులోని గాలి 45 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉందనుకుందాం. గేజీలో చూపే 35కి వాతావరణ పీడనం 14.7 కలిపితే 49.7. డిసెంబరు తెల్లవారుజామున ఆరుబయట నిలిపిన బండి టైరు 14 డిగ్రీలకు దిగితే, కెల్విన్‌లలో (సెల్సియస్‌కు 273 కలిపితే) అది 318 నుంచి 287కి తగ్గడం. అదే నిష్పత్తిలో 49.7 కాస్తా 44.9 అవుతుంది; 14.7 తీసివేస్తే గేజీలో మిగిలేది 30. అంటే ఒక్క బుడగ గాలి కూడా బయటికి పోకుండానే మధ్యాహ్నపు 35 ఉదయానికి 30 అయింది. మీ మూడు చక్రాలు చూపిస్తున్నది సరిగ్గా ఇదే; నాలుగోదాని 27కి మరో కారణం కూడా ఉంది, దాని దగ్గరికి తరువాత వస్తాను. ఉజ్జాయింపుగా ప్రతి 10 డిగ్రీలకు ఒకటిన్నర పీఎస్‌ఐ పైచిలుకు తేడా వస్తుందని గుర్తుంచుకుంటే చాలు.

మీరు ఫొటోలో పంపిన డ్రైవరు తలుపు పక్కన ఉండే స్టిక్కరు మీద 36 పీఎస్‌ఐ అని ఉంది. ఆ అంకె చల్లటి టైరుకు సంబంధించినది. కనీసం మూడు గంటలు కదలకుండా నీడలో ఉన్న టైరునే చల్లటి టైరు అనాలి. ఎండలో నడిపి తెచ్చిన దానికి ఆ అంకెను పెట్టి సరిపోయిందనుకుంటే ఉదయానికి అయిదు తక్కువ అవుతుంది. యూరప్‌లో 20 శాతం తగ్గితే, అమెరికాలో 25 శాతం తగ్గితే హెచ్చరించాలని నిబంధన. 36లో 20 శాతం తగ్గితే 28.8, 25 శాతం తగ్గితే 27. మీ కారు ఈ రెండింటిలో ఏ హద్దు దగ్గర హెచ్చరించినా 27కి దీపం వెలగడం న్యాయమే. పది కిలోమీటర్లు నడిచాక టైరు వేడెక్కి మూడు పీఎస్‌ఐ పెరుగుతుంది కాబట్టి దీపం ఆరిపోతుంది, మనం దాన్ని పిచ్చి సెన్సరు అనుకుంటాం.

టైర్ల షాపులో కుర్రవాడు "ఎంత పెట్టమంటారు సార్" అని అడిగి, మనం జవాబు చెప్పేలోపే 32 పెట్టేయడం అందరికీ తెలిసిందే. చిన్న పెట్రోలు కార్లకు ఆ అంకె చాలావరకు సరిపోయేది. ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ వల్ల బరువుగా ఉంటుంది కాబట్టి చాలా మోడళ్లలో స్టిక్కరు మీద అంతకంటే ఎక్కువే రాసి ఉంటుంది. టెస్లా మోడల్ 3 వంటి వాటికి 42 దాకా చెబుతారు. పైగా ఎలక్ట్రిక్ కారు వారికి పెట్రోలు బంకుకు వెళ్లే పని లేకపోవడంతో, అక్కడ ఉచితంగా గాలి చూపించుకునే అలవాటు కూడా తెలియకుండానే పోయింది. నా దగ్గరకు "తప్పుడు హెచ్చరిక" అంటూ వచ్చే ఎలక్ట్రిక్ కార్లలో ఎక్కువ భాగం నిజంగా గాలి తక్కువై వచ్చినవే.

కాబట్టి మొదటి పని: సొంతానికి ఒక మంచి గేజీ కొనుక్కోండి. బంకుల్లో, షాపుల్లో ఉండేవి ఒకదానికొకటి రెండు మూడు పీఎస్‌ఐ తేడా చూపించడం మామూలే. ఉదయం బండి కదిలించకముందే నాలుగు చక్రాలనూ మీరే కొలిచి, కాగితం మీద రాసుకుని, పక్కన తెర మీది అంకెలు కూడా రాయండి. కొన్ని కార్లు బండి కదిలే దాకా నిన్న రాత్రి అంకెలనే చూపిస్తాయి, ఎందుకంటే నిలిపి ఉంచిన చక్రంలోని సెన్సరు బ్యాటరీ ఆదా కోసం నిద్రపోతుంది. కాబట్టి ముందు గేజీతో కొలిచి, ఆ తరువాత కాస్త దూరం నడిపి, తెర అంకెలు చూడండి. రెండు జాబితాలకూ ఒకటి రెండు పీఎస్‌ఐ తేడా ఉంటే పట్టించుకోవద్దు. తేడా ఎక్కువగా ఉన్నా, చక్రాల వరుస కలవకపోయినా అప్పుడే ముందుకు వెళ్లాలి.

మీ విషయంలో వరుస కలవదని నా నమ్మకం. ముందు ఎడమ టైరులో గాలి నింపితే తెర మీద వెనుక ఎడమ అంకె పెరిగిందని మీరే రాశారు. జవాబు అందులోనే ఉంది. ప్రతి సెన్సరుకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. గాలి, ఉష్ణోగ్రతలతో పాటు ఆ సంఖ్యను కూడా అది రేడియోలో పంపుతుంది. ఆ సంఖ్య ఏ మూల ఉందో కారు కంప్యూటరులో రాసి పెట్టుకుంటుంది. కొన్ని కార్లు చక్రాలు మారితే కొంత దూరం నడిచాక తామే కనిపెట్టుకుంటాయి, కొన్నింటికి మనం చెప్పాలి. మీ కారుకు ఎవరూ చెప్పలేదు. నెల క్రితం దాకా ముందు ఎడమన ఉన్న చక్రం ఇప్పుడు వెనుక ఎడమన తిరుగుతున్నా, కారు దాన్ని ఇంకా ముందు ఎడమ అనే పిలుస్తోంది. ఈ లెక్కన గాలి తగ్గుతున్నది మీ వెనుక ఎడమ టైరు. పంక్చర్ షాపులో తొట్టిలో ముంచినది దోషం లేని టైరు. బుడగ ఎలా వస్తుంది?

దీన్ని నిర్ధారించుకోవడం తేలిక. కారుతో వచ్చిన పంక్చర్ కిట్టులోని చిన్న గాలి పంపు దగ్గర పెట్టుకుని, వెనుక ఎడమ చక్రం వాల్వు మూత తీసి, గేజీ వెనుక ఉండే మొనతో లోపలి పిన్నును నొక్కి నాలుగైదు పీఎస్‌ఐ గాలి వదలండి. తరువాత బండిని నిదానంగా అయిదారు నిమిషాలు తిప్పి తెర చూడండి. తెర మీద ముందు ఎడమ అంకె పడిపోతే నేను చెప్పినదే నిజం. వదిలిన గాలిని వెంటనే తిరిగి నింపండి. ఇదే పరీక్ష మిగతా మూడు చక్రాలకూ చేస్తే ఏ అంకె ఏ మూలదో పూర్తి పటం మీ చేతికి వస్తుంది. దాన్ని సరిదిద్దే పని కొన్ని కార్లలో తెర మెనూలోనే ఉంటుంది. మరికొన్నింటిలో స్టీరింగు కింద ఉండే డయాగ్నస్టిక్ సాకెట్‌కు స్కానరు పెట్టి చేయాలి. సర్వీసు సెంటరులో ఇది నిమిషాల పని.

ఇప్పుడు వెనుక ఎడమ టైరును అసలు నేరస్థుడిగా పెట్టుకుని చూద్దాం. మిగతావి 30 దగ్గర ఉండగా అది 27 దగ్గర ఉందంటే, నెలలో మూడు పీఎస్‌ఐ పోయింది. ఇంత నెమ్మదిగా పోయే గాలికి తొట్టిలో బుడగలు గబగబా రావు. ముంచి అర నిమిషంలో తీసేస్తే ఏమీ కనిపించదు. నేనైతే మూడు చోట్ల గిన్నెల సబ్బు కలిపిన నీళ్లు కుంచెతో రాసి, కొన్ని నిమిషాలు ఆగి చూస్తాను. మొదటిది వాల్వు నోరు: పిన్ను వదులైనా, లోపల ఇసుక రేణువు చేరినా అక్కడ చిన్న నురగ గుడ్డులా ఉబ్బుతుంది. పిన్ను కొత్తది వేస్తే తీరిపోతుంది, దానికయ్యే ఖర్చు టీ ఖర్చంత కూడా ఉండదు. రెండోది వాల్వు కాండం రిమ్ములోకి దిగే చోటు. సెన్సరు ఆ కాండానికే బిగించి ఉంటుంది కాబట్టి, చక్రం మార్చినప్పుడు అక్కడి రబ్బరు వాషరు పాతబడి కారడం జరుగుతుంది. మూడోది టైరు అంచు రిమ్మును పట్టుకునే చోటు. అల్లాయ్ రిమ్ము మీద తెల్లటి పొడిలా తుప్పు లేచి ఉంటే గాలి అక్కడి నుంచే జారిపోతుంది, టైరు ఊడదీసి ఆ అంచును శుభ్రంగా రుద్ది తిరిగి ఎక్కించాలి.

వాల్వుల సంగతి వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. నైట్రోజన్ నింపిన గుర్తుగా షాపువారు రంగు మూతలు పెడుతుంటారు. అవి ప్లాస్టిక్‌వైతే పరవాలేదు. సెన్సరున్న కాండం చాలాసార్లు అల్యూమినియంతో చేసినదై ఉంటుంది. దానికి ఇత్తడి మూతో, నికెల్ పూత లేని ఇత్తడి పిన్నో పెడితే వానాకాలంలో రెండు లోహాల మధ్య తుప్పు పట్టి బిగుసుకుపోతుంది, బలవంతంగా తిప్పితే కాండమే విరుగుతుంది, దానితో పాటు సెన్సరూ పోతుంది. ఇక నైట్రోజన్ పెడితే చలికి గాలి తగ్గదని ఎవరైనా చెబితే నమ్మకండి. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. పైన వేసిన లెక్క దానికీ అంతే వర్తిస్తుంది. తేమ లేకపోవడం, టైరు నుంచి కాస్త నెమ్మదిగా జారిపోవడం మాత్రమే దాని మేలు.

పంక్చర్ కాకుండా ముందుజాగ్రత్తగా పోయించే జెల్ గురించి మీరు ఏమీ రాయలేదు, పోయించలేదనే అనుకుంటున్నాను. 2020లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణతో, ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి హెచ్చరిక వ్యవస్థ, పంక్చర్ కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాకుండా పోయింది. స్టెప్నీ లేదన్న భయంతో చాలామంది ఆ జెల్ పోయిస్తున్నారు. అది సెన్సరు ముఖాన ఉన్న సన్నటి రంధ్రంలో గడ్డకడితే అంకె ఒకే చోట బిగుసుకుంటుంది. మీరు గాలి వదిలినా, నింపినా కదలదు. పైన చెప్పిన పిన్ను పరీక్షలో తెర మీద ఏ అంకె కూడా కదలకపోతే అనుమానించవలసింది దీన్నే. ఆ సెన్సరును శుభ్రం చేయడం కొన్నిసార్లే సాధ్యం.

ఇక గీతల సంగతి. మన దేశంలో ఈ సెన్సర్లు ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ దగ్గర మాట్లాడతాయి, చాలా కార్ల రిమోట్ తాళం కూడా అక్కడే మాట్లాడుతుంది, చాలాసార్లు రెండింటినీ వినే రిసీవరు ఒకటే. రిమోట్ కూడా దగ్గరికి వస్తే గానీ పనిచేయడం లేదని మీరు రాసిన చిన్న వాక్యం అందుకే నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించింది. సెన్సర్లు పోతే తాళానికి ఏమీ కాదు. రెండూ ఒకేసారి మందగించాయంటే వినే చెవి దగ్గర ఏదో గోల పెడుతోంది. నాసిరకం యూఎస్‌బీ ఛార్జర్లు, డాష్‌క్యామ్‌కు 12 వోల్టుల నుంచి 5 వోల్టులు ఇచ్చే చిన్న అడాప్టర్లు, బయట కొన్న ఎల్‌ఈడీ బల్బులు ఈ గోలకు పేరుపడ్డవి. ఆ రెండు అంకెలే మాయమవడం కూడా అర్థం చేసుకోదగిందే: తెర మీద వెనుక అని చూపేవి నిజానికి ఇప్పుడు ముందున్న చక్రాలు, రిసీవరు వాటికి దూరంగా ఉంటే వాటి సంకేతం ముందే బలహీనంగా ఉంటుంది, కాస్త గోలకే మునిగిపోతుంది.

డాష్‌క్యామ్ స్విచ్ ఆపితే చాలదు. అడాప్టరునే సాకెట్ నుంచి పూర్తిగా ఊడదీసి, వారం రోజులు అలాగే నడపండి. గీతలు రాకపోతే, రిమోట్ కూడా మునుపటి దూరం నుంచి పనిచేస్తే, అడాప్టరు మార్చండి. కెమెరాను పారేయనవసరం లేదు. తీగను పైకప్పు లోపలి గుడ్డ కింద నుంచి లాగి ఉంటే, రిసీవరు పెట్టె పక్క నుంచి పోకుండా దారి మార్పించండి. అద్దాలకు లోహపు పొర ఉన్న సన్ ఫిల్మ్ వేయించి ఉంటే అది కూడా రేడియో సంకేతాన్ని తగ్గిస్తుంది, కానీ మీకు గీతలు మొదలైంది డాష్‌క్యామ్ తరువాతే కాబట్టి దాన్ని చివరికి వదిలేయండి.

డాష్‌క్యామ్ తీసినా గీతలు వస్తుంటే 12 వోల్టుల బ్యాటరీని చూడాలి. ఎలక్ట్రిక్ కారులో పెద్ద బ్యాటరీ ఎంత ఉన్నా, తాళాలు, తెర, కంప్యూటర్లు, ఈ రిసీవరు అన్నీ నడిచేది చిన్న 12 వోల్టుల బ్యాటరీ మీదే. అది మూడేళ్లకు నీరసించడం వింతేమీ కాదు. పార్కింగులో కూడా రికార్డు చేసే డాష్‌క్యామ్ పెడితే ఇంకా తొందరగా నీరసిస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే, బండి రాత్రంతా ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర చూపాలి. ఉదయం 12.2 కంటే తక్కువ చూపిస్తూ, గాలి దీపంతో పాటు బ్రేకు, స్టీరింగు వంటి సంబంధం లేని హెచ్చరికలు కూడా ఒక్కసారి మెరిసి మాయమవుతుంటే ఆ బ్యాటరీనే అనుమానించండి. ఈ కొలతకు చిన్న బ్యాటరీ రెండు మొనలు తప్ప మరేదీ ముట్టుకోవద్దు. నారింజ రంగు తీగలు వందల వోల్టులవి, వాటి జోలికి శిక్షణ పొందిన మెకానిక్ తప్ప ఎవరూ వెళ్లకూడదు.

సెన్సర్లు నిజంగా పోవడం లేదని నేను అనడం లేదు. లోపల మూసేసిన చిన్న లిథియం బ్యాటరీ ఉంటుంది, దానికి అయిదు నుంచి పదేళ్ల ఆయుష్షు. అది అయిపోతే సాధారణంగా సెన్సరు మొత్తం మార్చడమే. వయసైపోయిన బ్యాటరీ చలికి ముందు చేతులెత్తేస్తుంది, ఉదయం గీత చూపించి, వేడెక్కాక అంకె చూపిస్తుంది. మీ ముందు ఎడమ అంకెకు అలా జరగడం లేదు, మూడేళ్లకే నాలుగూ ఒకేసారి పోవడమూ అరుదు. షాపులో టైరు ఊడదీసే యంత్రపు పలకను వాల్వుకు ఎదురుగా కాకుండా వాల్వు మీదే నొక్కితే సెన్సరు పగులుతుంది, అది మాత్రం ఏ వయసులోనైనా జరగవచ్చు. ఇవన్నీ స్కానరు చెప్పగలదు: ప్రతి సెన్సరు గుర్తింపు సంఖ్య, గాలి, ఉష్ణోగ్రత, చాలావాటిలో బ్యాటరీ స్థితి కూడా కనిపిస్తాయి. టెస్లా వంటి కొన్ని కొత్త కార్లలో సెన్సర్లు బ్లూటూత్ మీద నడుస్తాయి, వాటికి మామూలు 433 స్కానరు పనికిరాదు.

తెర మీద అంకెలు లేకుండా దీపం మాత్రమే ఉన్న కార్ల గురించి రెండు మాటలు. వాటిలో చాలావాటికి చక్రంలో సెన్సరే ఉండదు. గాలి తగ్గిన టైరు వ్యాసం కాస్త తగ్గి మిగతావాటికంటే వేగంగా తిరుగుతుంది కాబట్టి, బ్రేకుల ఏబీఎస్ వ్యవస్థలో చక్రాల వేగం కొలిచే సెన్సర్లతోనే ఆ తేడాను పట్టుకుంటాయి. టైర్లు మార్చినా, రొటేషన్ (చక్రాల స్థానాలు మార్చడం) చేసినా, గాలి నింపినా రీసెట్ నొక్కి తీరాలి, లేకపోతే పాత కొలతతో పోల్చి దీపం వెలిగిస్తూనే ఉంటాయి. ముందు చక్రాలకే మోటారు ఉన్న ఎలక్ట్రిక్ కారులో లాగడమూ, రీజెన్ బ్రేకింగూ (మోటారే బండి వేగం తగ్గిస్తూ బ్యాటరీని నింపడం) ముందు టైర్ల మీదే పడి అవి తొందరగా అరుగుతాయి. ముందు వెనుకల అరుగుదల తేడాయే ఇటువంటి కారుకు గాలి తేడాలా కనిపించవచ్చు. గాలి తక్కువగా ఉండగా రీసెట్ నొక్కితే ఆ తక్కువనే సరైనదిగా నేర్చుకుంటుంది కనుక, ముందు నింపాలి, ఆ తరువాతే నొక్కాలి.

మీరు చేయవలసిన క్రమం ఇది. రేపు ఉదయం బండి కదిలించక ముందే నాలుగు టైర్లకూ 36 పెట్టండి, వెనుక ఎడమ వాల్వుకు సబ్బు నీళ్లు రాయండి, డాష్‌క్యామ్ అడాప్టరు ఊడదీయండి. వారం తరువాత మీ కాగితంతో సర్వీసు సెంటరుకు వెళ్లి, జాబ్ కార్డు మీద "సెన్సర్లు మార్చాలి" అని కాక, "రొటేషన్ తరువాత సెన్సర్ల స్థానాలు మళ్లీ నమోదు చేయాలి, నాలుగు సెన్సర్ల స్కానరు రీడింగు ఇవ్వాలి" అని రాయించండి. ఆ రీడింగులో ఏదైనా సెన్సరు బ్యాటరీ తక్కువ అని వస్తే ఆ ఒక్కదాన్నే, మీ కారు ఫ్రీక్వెన్సీకి సరిపోయేదాన్ని వేయించండి, టైరు ఎలాగూ ఊడదీస్తారు కాబట్టి వాల్వు వాషరు, పిన్ను కూడా అప్పుడే కొత్తవి అడగండి. రీడింగు కాగితం ఇవ్వకుండా నాలుగూ మార్చాలని మళ్లీ అంటే, పాత సెన్సర్లను తిరిగి మీకే ఇమ్మని ముందుగానే చెప్పండి.